ఎక్స్‌రే గదిలో పసుపుకొమ్ములు

మొన్న మా మేనకోడలు ఫోన్ చేసి, పీజీలో తన ర్యాంకుకి రేడియాలజీ సీటు వస్తుందనీ, ఇంట్లో అందరూ వద్దంటున్నారనీ బావురుమంది. బొమ్మలు చూసి రోగం చెప్పే పని ఇక కంప్యూటరే చేసేస్తుందట, కోసి కుట్టే సర్జన్లకైతే ఇంకొంతకాలం ఢోకా లేదట, చర్మం డాక్టర్ల సంగతి కూడా అనుమానమేనట. జీవితమంతా ఆ బొమ్మలే చూసి రిటైరయిన నాకు వింటుంటేనే ఒళ్ళు మండింది.

రెండువేల పది దాటిన ఆ ఏళ్ళలో నేను శ్రీకాకుళంలో ఓ చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు చదివే డాక్టరుగా పనిచేసేదాన్ని. ఫిల్ములు కడిగి ఆరబెట్టే రోజులు పోయి, బొమ్మ తెర మీద కనబడే రోజులు వచ్చాయి. ఛాతీ ఎక్స్‌రేకి మెళ్ళో లోహం ఉండకూడదు కదా, మా వైపు ఆడవాళ్ళేమో పుస్తెలు తీయమంటే ససేమిరా అని, వాటిని వీపు మీదికి తోసేసి ఇంక కనబడవులే అని ధీమాగా నిలబడేవారు. అందుకని నా బల్ల సొరుగులో పసుపుతాడూ కొమ్ములూ ఉంచేదాన్ని. పుస్తెలు తీసే ముందే కొమ్ము కట్టేస్తే మెడ బోసిపోదు, పేచీ ఉండదు. ఆ కొమ్ము నీడ కూడా బొమ్మలో పడుతుంది కాబట్టి, ఊపిరితిత్తులకి పైన ఉండేలా గొంతు దగ్గరికి బిగించి కట్టేదాన్ని. ఇవన్నీ ఏ పుస్తకంలో ఉన్నాయి చెప్పండి?

ఆ దశాబ్దం చివర్లో, ఎక్స్‌రేలు తనంతట తానే చదివే యంత్రమంటూ ఓ కంపెనీ వాళ్ళు చూపించడానికి వచ్చారు. అది కొంటే నాతో పని ఉండదన్న సంగతి మా ఆస్పత్రి యజమాని ముఖంలోనే కనబడుతోంది. ఆవేళ దగ్గుతో వచ్చినావిడ కోటబొమ్మాళి సంతలో చేపలు అమ్ముతుంది. నేను కట్టిన తాడుని, కొత్త మగవాళ్ళను చూసి సిగ్గుపడి, వదులు చేసి కొమ్ము రవికలోకి దోపేసుకుంది. తెర మీద ఎడమ ఊపిరితిత్తిపై యంత్రం ఎర్రటి సున్నా చుట్టింది. కంపెనీ వాళ్ళు మురిసిపోయారు, యజమాని అక్కడే గడ్డ అనేసి విశాఖపట్నం పంపడానికి చీటీ రాయబోయాడు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "రోగమని తెలిస్తే నా సేతి సేప ఎవులు కొంతారు తల్లీ? నువ్వు సూసి సెప్పు," అంది.

నేను చూసింది తెరని కాదు, ఆవిడ మెడని. తాడు కిందికి వేలాడుతోంది. కొమ్ము పైకి లాగి బిగించి మళ్ళీ తీయించాను, సున్నా మాయమైంది. ఆవిడది మామూలు దగ్గే, వారానికల్లా సంతలో గొంతెత్తి అరుస్తోందని విన్నాను.

యంత్రాన్ని తక్కువ చేయను, అది చూసిన నీడ నిజమే, దాని చూపు నా కళ్ళజోడు కంటే చురుకు. కానీ అది నీడ దగ్గరే ఆగిపోయింది. కొనుక్కోండి, నేను మనిషిని చూసి సంతకం పెట్టందే ఒక్క రిపోర్టూ గది దాటదని యజమానితో ముఖం మీదే చెప్పాను. కొన్నాడు, నేనూ ఉన్నాను, రిటైరయ్యేదాకా అదే పద్ధతి నడిచింది.

ఇప్పుడు ఆ గదిలో చల్లటి ఏసీ, మెరిసే గోడలు, బొమ్మలు మాత్రం ఎక్కడో హైదరాబాదులో ఎవరో చదివి పంపుతున్నారట. వచ్చినవాళ్ళ ముఖం చూసే డాక్టరే లేరు. యంత్రం వచ్చినందుకు కాదు, మన డాక్టర్లమే లేచి కుర్చీ ఖాళీ చేసి ఇచ్చేసినందుకు నాకు బాధ. అందుకే మేనకోడలికి గట్టిగా చెప్పాను, ఆ సీటే తీసుకో, వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో, యంత్రాన్ని పక్కన పెట్టుకో, రోగిని మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకో అని. రిటైరయిన రోజున నా సొరుగులోంచి తెచ్చుకున్న పసుపుకొమ్ములు ఆ పిల్లకే పంపిస్తున్నాను.