కిటికీ అద్దంలో మా మరదలు

మా తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. రోజంతా చీకటి గోతిలో నూనె మరకలతో ఉండేవాడికి సాయంత్రమయ్యేసరికి వెలుతురు కావాలి. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, వంటింటి కిటికీ దగ్గర కెమెరా పట్టుకుని నిలబడేవాడు. నాలుగో అంతస్తు. కింద బస్సులు, గొడుగులు, ఎదురింటివాళ్లు ఆరేసిన బట్టలు. రోజూ అవే. ఆరేసుకునేవాళ్లకి లేని సరదా నీకెందుకురా అంటే నవ్వి ఊరుకునేవాడు.

మా మరదలికి ఫోటో అంటే గిట్టదు. "నన్ను తీస్తే నీ కెమెరా పగులుతుంది" అని మొహానికి గరిటె అడ్డం పెట్టుకునేది. పెళ్లి ఫోటోలో కూడా తల వంచుకునే ఉంది, పాపిట తప్ప ఏమీ కనబడదు. ఆదివారం వస్తే మాత్రం ముస్తాబై మొగుడితో బొమ్మల గ్యాలరీకి బయల్దేరేది. నన్నూ లాక్కెళ్లేవారు. అందరూ నోరు తెరుచుకుని చూసే బొమ్మ ముందు నిలబడి, "వదినా, ఈవిడ గిన్నెలన్నీ అలా పడేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అచ్చం మీ తమ్ముడే" అనేది.

ఫోటో తీసేటప్పుడు వాడు వంటింట్లో లైటు ఆర్పేవాడు కాదు. అద్దంలో గది పడుతోంది, ఆ మాత్రం నాకే తెలుస్తోంది, ఆర్పి తీసి చావరా అని తిట్టేదాన్ని. ఎందుకు ఆర్పడో మరదలు పోయాక చెప్పాడు. లైటు వెలుగుతుంటే వెనక పొయ్యి దగ్గరున్న మనిషి అద్దంలో పడేది. వీధి మీద పల్చగా, బస్సుల మధ్యలో, గరిటె పట్టుకుని మా మరదలు. తనకి తెలియకుండా ఇన్నేళ్లూ తననే తీశాడు. దాని మొహం ఉన్నవి లోకంలో అవే.

ఆమధ్య గ్యాలరీవాళ్లు ఊళ్లోవాళ్లు తీసిన ఫోటోలు గోడకి పెడతామన్నారు. వీడు కెమెరాలోని కార్డే తీసి ఇచ్చేశాడు. ఇంకో నకలు లేదు. మరదలు అంత ఇష్టంగా చూసొచ్చిన గోడ మీద తనే ఉంటుందని వాడి ఆశ. ఆ సంగతి వాళ్లకి చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

మొదటిరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను వెంటబెట్టుకెళ్లాడు. నిలువెత్తు ఫోటోలు. బస్సులున్నాయి, గొడుగులున్నాయి. మరదలు లేదు. ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకి వెళ్లి, ముక్కు ఆనించి మరీ వెతుక్కున్నాడు. వాటిని పెద్దవి చేసినతను మెచ్చుకుంటామనుకుని దగ్గరకొచ్చాడు.

"అన్నిట్లోనూ ఏదో నీడ అడ్డం పడింది సార్. కూర్చుని ఒక్కొక్కటీ తుడిచేశాను."

పాతవి ఏవని నేనడిగాను. బాగుచేసినవి కార్డులో పెట్టి పాతవి తీసేశాడట. నా నోటికి వీధంతా భయపడుతుంది. నేనది తెరిచేలోగా తమ్ముడే "చాలా శ్రమ పడ్డారు" అని చెప్పి బయటికి నడిచాడు.

ఇంటికొచ్చి లైటు వేసి కిటికీ దగ్గర నిలబడ్డాడు. టీ పెడదామని నేను పొయ్యి దగ్గరకెళ్లాను. అద్దంలో కనబడ్డానేమో, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"అక్కా, కాస్త పక్కకి జరుగు."

ఎవరికోసమూ జానెడు జరిగిన మనిషిని కాదు. పొయ్యి ఆర్పి, జరిగాను.