వేడి మీద విప్పిన హెడ్డు

ఇంజిన్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. అప్పుడే దాని పైమూత, అంటే హెడ్డు, విప్పడానికి స్పానర్ పట్టుకున్నాడు మెకానిక్. నారాయణగూడ చౌరస్తాలో రేడియేటర్ పైపు పగిలి ఆవిరి చిమ్ముతున్న నా కారును, ఆటోకు తాడు కట్టి లాగించి, చిక్కడపల్లిలో అతని షెడ్డుకు చేర్చి పది నిమిషాలు కూడా కాలేదు.

"ఆగు బాబూ, చల్లారనీ. అది అల్యూమినియం హెడ్డు. వేడి మీద బోల్టులు వదులు చేస్తే వంకరపోతుంది" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. నా పక్కనున్న మా ఆయన్ని చూసి నవ్వాడు.

"సార్, ఇరవై ఏండ్ల సంది ఇట్లనే ఇప్పుతున్న. ఏం కాదు. జర మేడంకు చెప్పుండ్రి."

మా ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. స్పార్క్ ప్లగ్గు ఎక్కడుంటుందో తెలియని మనిషి. "ఏం కాదంటున్నాడుగా" అన్నారు నాతో. నేనేమో పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఇంజిన్ల పాఠం చెప్పినదాన్ని. కారు నా జీతంతో కొన్నది, నడిపేది నేను. ఒళ్లు మండిపోయింది.

అతని ధీమా ఎక్కడిదో నాకు తెలుసు. పని నేర్చుకున్నది పాత కార్ల మీద. వాటికి పోత ఇనుము హెడ్లు. బరువైనవి, మొండివి, వేడి మీద విప్పినా పెద్దగా పట్టించుకోవు. అల్యూమినియం అలా కాదు. తేలిక, వేడిని చప్పున లాగేస్తుంది. కానీ అదే వేడికి ఎక్కువ సాగుతుంది. ఆ సమయంలో బిగింపు వదిలితే అప్పడంలా వంగుతుంది. వంగింది కూడా. స్కేలు ఆనించి చూస్తే మధ్యలో వెలుతురు కనిపించింది.

దానికీ అతని దగ్గర మందుంది. లేత్ షాపుకు పంపి హెడ్డు అడుగు చెక్కించడం. మళ్లీ మొత్తుకున్నాను. ఎంత చెక్కితే పిస్టన్ పైనున్న ఖాళీ అంత తగ్గుతుంది, కంప్రెషన్ పెరుగుతుంది. పెట్రోలు, గాలి మరీ నొక్కుకుపోయి తమంతట తామే అంటుకుని పిస్టన్‌ను కొడతాయి. చెక్కించక తప్పదంటే, తగ్గిన ఖాళీ తిరిగొచ్చేలా కనీసం హెడ్డు కింద పరిచే గ్యాస్కెట్ రేకైనా మందమైనది వెయ్యమన్నాను.

"అల్యూమినియంకు ఎంత కంప్రెషన్ అయినా నడుస్తది సార్" అన్నాడు, మళ్లీ మా ఆయనతోనే.

సగం విన్న మాట. వేడి లాగేస్తుంది కాబట్టి ఇనుము కంటే కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది. ఎంతైనా అని ఎవరన్నారు? మా ఆయన తలూపారు. ఆ తలూపుడు చూశాక ఆయన్ని అక్కడే వదిలేసి అశోక్‌నగర్‌లోని మా ఇంటికి నడిచి వెళ్లిపోయాను.

కారు తిరిగొచ్చిన వారానికే, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్‌లో టకటక మొదలైంది. పెట్రోలు మంచిది కాదన్నాడు. బంకు మార్చాం. టకటక మారలేదు. చివరికి లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర కారు పొగ కక్కి ఆగిపోయింది. ఈసారి ఇంజిన్ చల్లారాకే విప్పాడు, నేను స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నాను కాబట్టి. పిస్టన్ తల మీద చిల్లు పడింది. నా చిటికెనవేలు దూరింది.

అతను ఆ పిస్టన్‌ను మా ఆయన చేతిలో పెట్టి, "ఒక్కోసారి గట్లయితది సార్" అన్నాడు.

"నేను చెప్పలేదా?" అని అరిచాను.

మొన్న మధ్యాహ్నం ఆ మెకానిక్ మా ఇంటికి ఫోన్ చేశాడు.

"మేడం, సార్ లేడా?"

"బయటికెళ్లారు. ఏం కావాలి?"

కాసేపు నసిగాడు. "ఏం లేదు మేడం. ఒక బండొచ్చింది. అల్యూమినియం హెడ్డే. ఇప్పటికే రెండుసార్లు చెక్కిన్రంట. ఇంక చెక్కొచ్చా, లేదా అని... సార్‌తోని మిమ్మల్ని ఒకమాట అడిగిద్దామని."

"చెక్కొద్దు" అన్నాను. "సార్ రాగానే ఇదే మాట ఆయనతో చెప్పిస్తాను. అప్పుడైనా వింటావు."