తొట్లె పలకమీది మాట

మా ముత్తాత తండ్రి కోయంబత్తూరుకు తూర్పున పన్నెండు ఊళ్ళకు మణియగారు. శిస్తు ఆయన చేతిమీదుగా వసూలయ్యేది, గట్ల తగాదాలు ఆయన అరుగు మీద తేలేవి. మా ముత్తాత పత్తి గింజ తీసే మిల్లు పెట్టాడు. మా తాత పెళ్ళికి మదురై నుంచి రెండు రైలుపెట్టెల నిండా చుట్టాలు వచ్చారనీ, పోదనూరు జంక్షన్‌లో దిగిన ప్రతి ఒక్కరికీ గుర్రపుబండి సిద్ధంగా ఉందనీ చెప్పేవారు. మా నాన్న ఆ మిల్లు గేటుకు ఆఖరిసారి తాళం వేసిన రోజు కూడా ఇస్త్రీ చొక్కాతోనే వెళ్ళాడు. "నేల అమ్మినాము, మిల్లు అమ్మినాము. మనది కానిది ఒకటీ అమ్మలేదు" అనేవాడు. నేను ఆయనకు ఒక్కగానొక్క కూతురిని. మాది చితికిపోయిన ఇల్లని చుట్టాలు అంటారు. ఆ మాట నేను వాడను.

ఇప్పుడు అదే పోదనూరులో, రైల్వే లైనుకు ఎదురుగా, ఒక మేడమీది అద్దె వాటాలో ఉంటున్నాను. రెండు గదులు, వంటిల్లు. మా ఆయన మోటారు పంపులు చేసే వర్క్‌షాప్‌లో సూపర్‌వైజరు. నా కూతురికి నడక వచ్చాక నాన్న పోయాడు, అమ్మ మా దగ్గరికి వచ్చింది. వస్తూ ఒక ట్రంకు పెట్టె, మా ఇంటి తొట్లె తెచ్చుకుంది. ఊయలను మేము తొట్లె అంటాం. టేకు చెక్క, నాలుగు ఇత్తడి గొలుసులు. తలవైపు పలకకు అరచేయంత ఇత్తడి రేకు, దాని మీద మా వంశం గుర్తు, నాగలీ కత్తీ. ఆ రేకు కింద, చెక్కలో చెక్కిన తెలుగు అక్షరాలు ఒక వరుస కనిపించేవి.

మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. చదవడం ఎవరికీ రాదు. అమ్మ చదువు తమిళంలో, నా చదువు ఇంగ్లీషులో. మదురై రాజులు మా వాళ్ళకిచ్చిన బిరుదు అక్కడ చెక్కి ఉందని అమ్మకు వాళ్ళ అత్త చెప్పిందట. బిడ్డను మొదటిసారి తొట్లెలో వేసే రోజున ఆ వరుసకు పసుపూ కుంకుమా పెట్టడం మా ఇంటి ఆచారం. నా కొడుక్కు ఐదో నెల వచ్చాక మా ఆయన లోపలి గదిలో స్లాబుకున్న కొక్కేనికి తొట్లె కట్టాడు. అమ్మ పసుపు కుంకుమలు పెట్టింది. నేను వాడిని పడుకోబెట్టాను.

అప్పటిదాకా వాడు బాగా తాగి, బాగా నిద్రపోయి, నెలనెలా బరువు పెరుగుతున్న పిల్లాడు. తొట్లె కట్టిన వారం నుంచి మధ్యాహ్నం మూడు గంటలకు లేవడం మొదలుపెట్టాడు. ఏడ్చేవాడు కాదు. ఏడిస్తే నాకు తెలిసేది. గిన్నెలు కడిగి వచ్చి చూస్తే కళ్ళు తెరుచుకుని, ఎత్తుకోమన్నట్టు రెండు చేతులూ చాచి ఉండేవాడు. కిటికీ వైపు. నేను తలుపు దగ్గర నిలబడి పిలిచినా తల తిప్పేవాడు కాదు. ఆ తర్వాత దీపాలు పెట్టేదాకా పాలు ముట్టేవాడు కాదు.

ఆరోగ్య కేంద్రంలో నర్సు తూకం వేసి కార్డులో రాసింది. పోయిన నెల ఎంతో అంతే. పై నెల ఇంకా తగ్గాడు. డాక్టరు పరీక్షలు చేయించాడు, అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. బాగానే ఉన్న బిడ్డ చేతులు ఎందుకు సన్నబడుతున్నాయో ఆయన చెప్పలేదు. స్నానం చేయించేటప్పుడు వాడి పక్కటెముకలు నా వేళ్ళకు తగిలేవి.

అప్పుడే నా కూతురి నడక గమనించాను. దానికి నాలుగేళ్ళు. లోపలి గదిలోకి వస్తే తొట్లెకూ కిటికీకీ మధ్య నేల మీద అడుగు పెట్టేది కాదు. గోడవారన ఒదిగి, చుట్టూ తిరిగి వచ్చేది. ఆటనుకున్నాను. ఒకరోజు బొమ్మ కోసం పరుగున వచ్చి, అక్కడ టక్కున ఆగి, చుట్టూ తిరిగి పోయింది.

"నేరుగా రావచ్చు గదా, కణ్ణు" అన్నాను.

"దాటరాదు. అవ్వ కాళ్ళు చాపుకోని ఉండాది."

"అవ్వ కింద గుడ్డలు ఆరేస్తాండాది గదా."

"మన అవ్వ గాదు. ఇంకో అవ్వ."

కూర్చున్నవాళ్ళ కాళ్ళు దాటరాదని దానికి నేర్పింది నేనే. నేల వైపు చూశాను. కిటికీ కమ్మీల నీడలు పడి ఉన్నాయి, అంతే.

"ఏమంటాది ఆ అవ్వ?"

"ఎరవు అంటాది."

నేను 'ఇరవు' అని విన్నాను. తమిళంలో ఇరవు అంటే రాత్రి. బడిలో ఆ వారమే పగలూ రాత్రీ పాఠం చెప్పారు. "ఇది పగలు, కణ్ణు. ఎండ చూడు" అన్నాను.

"పగలే, నాకు తెలుసు. అవ్వ అట్ల అంటాది. తమ్ముడిని చూసి అంటాది."

సాయంత్రం అమ్మతో చెప్తే తీసిపారేసింది. "చుమ్మా, ఊరికే చెప్తాది. టీవీ చూసి చూసి ఇట్ల అయినాది." అయినా ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఇద్దరు పిల్లలకూ దిష్టి తీసింది.

యార్డులో గూడ్సు బళ్ళు కదిలితే మా ఇంట్లో గిన్నెలు మోగుతాయి, గోడ క్యాలెండరు ఊగుతుంది. తొట్లె కూడా ఊగుతుంది. అది నాకు కొత్త కాదు. కానీ గూడ్సు పోయి, క్యాలెండరు ఆగిపోయాక, తొట్లె ఒక్కటే ఇంకా ఊగుతూ ఉండటం రెండు మూడుసార్లు చూశాను. ఎవరో కాలివేలితో తోస్తున్నట్టు, ఒకే తూగున. పక్కన కూర్చున్న తల్లులు అట్లాగే తోస్తారు. ఒక మధ్యాహ్నం చేతిలో పాలసీసాతో తొట్లె దగ్గరికి పోతూ, నేను కూడా గోడవారన ఒదిగి, చుట్టూ తిరిగి నడుస్తున్నానని తెలుసుకున్నాను. ఎన్నాళ్ళుగా అలా నడుస్తున్నానో తెలియదు.

మా కింది వాటాలో రైల్వే ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ ఉండేది. ఆయమ్మ అనేవాళ్ళం. వాళ్ళ తాత రైల్వే పనికి ఆంధ్రా వైపు నుంచి వచ్చినవాడు, వాళ్ళది క్రైస్తవుల ఇల్లు. అమ్మ ఆమెతో మెట్ల మీద నిలబడే మాట్లాడేది, ఇంట్లోకి రమ్మనేది కాదు. పిల్లాడు పాలు తాగడం లేదని ఎవరో చెబితే ఆయమ్మ తానే వసకొమ్ము అరగదీసి పట్టుకుని పైకి వచ్చింది. తొట్లె మీదికి వంగి వాడి నాలుకకు రాసి, లేస్తూ పలక వైపు చూసింది.

"ఇదేంది తల్లీ, ఎరవని రాసుండారు?"

అమ్మ గడపలోనే నిలబడి ఉంది. "ఎరువు గాదు. బిరుదు. మదురై రాజులిచ్చినది."

"ఎరువు అని నేను యాడంటినమ్మా. ఎరవు. ఒకరి దగ్గర అడిగి తెచ్చుకొనేది. అరవంలో ఇరవల్ అంటారే, అది." ఆయమ్మ కళ్ళద్దాలు పైకి నెట్టి, వేలు పెట్టి చదివింది. "'ఎరవు. బిడ్డ దిగినాక మా ఇంట చేర్చేది.' అంతే ఉండాది. ఎవరింట అనేది రేకు వెనకాల ఉంటాది."

"నీకు చదివేదానికి వస్తాదా?" అంది అమ్మ.

"దినామూ పొద్దున నేను బైబిలు చదివేది ఏ బాసలో అనుకున్నావు? మీరు పెద్దోళ్ళు, మాట్లాడతారు. మేము చదువుతాము."

మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటా నేను వినలేదు, అమ్మా వినలేదు. నా నాలుగేళ్ళ కూతురు నెల రోజులుగా అంటోంది.

మా ఆయన పనిముట్లలోంచి స్క్రూడ్రైవరు తెచ్చి నేనే రేకు ఊడదీశాను. రేకు వెనకాల పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట చెక్కను ఉలితో గుంటగా తీసి, నున్నగా చేసి, దాని మీద మా నాగలీ కత్తీ బిగించారు. పని శుభ్రంగా చేశారు. కింది వరుసను ఎందుకు వదిలేశారంటే, వాళ్ళకూ చదవడం రాదు.

ఆ క్షణమే పిల్లాడిని తొట్లెలోంచి తీశాను. ఆయమ్మ కిందికి పోయి తన పాత నూలు చీర తెచ్చి, ముందు గదిలో కిటికీ కమ్మీకీ తలుపు కొక్కేనికీ జోలె కట్టింది. వాడు అందులో పడుకుని ఐదింటిదాకా కదల్లేదు. లేవగానే ఆకలితో ఏడ్చాడు. ఎన్నాళ్ళకో వాడు ఏడవగా విని, నేను పాలసీసా అందుకున్నాను.

"మణియగారింటి బిడ్డ, ఆయా చీరలో" అంది అమ్మ.

"చీర గూడా ఎరవే, పెద్దమ్మా" అంది ఆయమ్మ. "వాడు దిగినాక ఉతికి ఇచ్చేయండి."

తొట్లెను విప్పి లోపలి గది గోడకు ఆనించాను. నా కూతురు కిటికీ దగ్గరి నేల మీద మామూలుగా నడిచింది. గోడ దగ్గరికి వచ్చేసరికి చుట్టూ తిరిగింది.

తిరిగి ఇవ్వాలనే అనుకున్నాను. ఎవరికి? ఆ పన్నెండు ఊళ్ళకూ బస్సెక్కి పోయి, తొట్లె ఎరవిచ్చిన ఇల్లు ఏదని ముసలివాళ్ళను అడుగుదామనుకున్నాను. "మణియగారింటి ఆడపిల్ల పోయి ఊరూరా, మేము ఎరవు తీసుకున్నాము అని దండోరా వేస్తాదా?" అంది అమ్మ. పిల్లాడి తూకం రోజు అయ్యాక పోతానన్నాను. ఏ బిడ్డ దిగాక మా వాళ్ళు దాన్ని తిరిగి ఇవ్వలేదో, తొట్లె రాకపోతే ఇచ్చినవాళ్ళ ఇంట్లో తర్వాతి బిడ్డను దేంట్లో వేశారో, ఆ రోజుల్లో నేను చాలాసార్లు అనుకున్నాను. అమ్మతో అనలేదు.

తూకానికి పిల్లలిద్దరినీ తీసుకుని పోయాను. నర్సు కార్డు చూసి, మళ్ళీ తూకం వేసి, "పరవాలేదు, ఏఱిడుచ్చు" అంది. బరువు పెరిగాడు. ఆటోలో వస్తూ వాడి పిడికిలి నా చీర కొంగు లాగుతూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి గోడ దగ్గర ఏమీ లేదు. నా కూతురు లోపలి గదికి అడ్డంగా, ఈ మూల నుంచి ఆ మూలకు నేరుగా నడిచింది.

"యాడమ్మా తొట్లె?"

"కొనేదానికి వచ్చినాయనకు మణియగారింటిది అని చెప్పినా. మురిసిపోయి తీసుకోని పోయినాడు. రేకు మళ్ళా బిగించి ఇచ్చినా." అమ్మ బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు. "వాళ్ళ కోడలికి తొలి కాన్పంట."

"ఎరవుది అని చెప్పినావా?"

"ఏమని చెప్పేది?"

ఆయన ఫోను నంబరు రాసిన కాగితం ట్రంకు పెట్టె మీద ఉంది. ఆయమ్మ చీర ఉతికి ఇచ్చేశాను. తర్వాత ఆమె దగ్గరే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను, ఇది రాస్తున్నది వాటితోనే. ఆ నంబరుకు ఇంతవరకు ఫోను చేయలేదు.

మా ఇంటి తొట్లె, ఇత్తడి రేకుతో, నాలుగు గొలుసులతో సహా, మదురై అవతల కంబంలో ద్రాక్షతోటలున్న ఒక ఆసామికి అమ్ముడైంది.