నరాల మాస్టారు ఒప్పుకున్న సంగతి

లోకంలో ఏది చెడినా, ఏది బాగుపడినా, దానికి కారణం కిడ్నీకి వెళ్ళే నరమేనని నమ్మే మనిషి ఒకాయన ఉండేవాడు. పేరుకు వైద్య కళాశాలలో ప్రొఫెసర్. కాలేజీ అంతా ఆయన్ని నరాల మాస్టారు అనేది. లిఫ్టు ఆగిపోతే "నరం సంగతి" అనేవాడు. కుర్రాడు పరీక్ష తప్పితే "పాపం, భయపడ్డాడు. కిడ్నీ నరం బిగిసింది. ఇంకేం రాస్తాడు?" అనేవాడు. ఇంట్లో కూరలో ఉప్పెక్కువైతే ఆయనగారు భార్యని ఒక్క మాట అనేవాడు కాదు. "నీ తప్పేముంది? ఉప్పు లెక్క చూసుకోవడానికి నా కిడ్నీ నరం ఉందిగా" అనేవాడు.

"అయితే కూర కూడా దాన్నే వండమనండి" అనేది ఆవిడ.

ఆయన ల్యాబులో నరాలకు రంగులు వేసే పని ఒక టెక్నీషియన్ అమ్మాయిది. కిడ్నీ ముక్కను ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగు పట్టించి మాస్టారికి చూపించేది. ఆయన మైక్రోస్కోపులో కన్ను పెట్టాడంటే ఇక ఈ లోకంలో లేనట్టే.

"చూశావా అమ్మాయ్, బిడ్డ ఇంకా కడుపులోనే ఉంది. కిడ్నీ పూర్తిగా తయారవనేలేదు. అప్పుడే రక్తనాళం పట్టుకుని నరం లోపలికి దూరింది. ఇల్లు కడుతుండగానే కరెంటు తీగ లాగేసినట్టు."

"ఈ మాట నిన్న కూడా చెప్పారు సార్."

"నిన్న చెప్పింది ఎడమ కిడ్నీ."

ఉలిక్కిపడితే నరం బిగిసి కిడ్నీ పని ఆపేస్తుందని, ఆ గదిలో ఎవరూ ఎవర్నీ ఉలిక్కిపడేలా చేయకూడదు. కుర్చీ కాళ్ళకు గుడ్డలు కట్టించాడు. ఫోను గంట తీయించేశాడు. దాంతో ఫోనొచ్చిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి అటెండరు చేతిలోంచి స్టీలు ట్రే జారి ధన్‌మని పడింది. మాస్టారు అందరికీ తలో గ్లాసు నీళ్ళు తాగించి, ఒక్కొక్కర్నీ బాత్రూముకు పంపి, బయటికి రాగానే "కిడ్నీ కొట్టు కట్టేయలేదు కదా?" అని అడిగి మరీ లోపలికి రానిచ్చాడు.

ఆయన్ని ఎదిరించగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కడే, సొంత బావమరిది. పక్క భవనంలోనే కిడ్నీలు మార్చే సర్జన్. రోజూ టీ వేళకు కప్పు పట్టుకుని దిగబడేవాడు.

"బావా, పొద్దున ఒకాయనకి కిడ్నీ మార్చాను. ఒక్క నరం కలపలేదు. శుభ్రంగా పనిచేస్తోంది."

"చేస్తుంది, నీలాగే. ఎవరి మాటా వినకుండా."

"ఒప్పుకో బావా. నరం లేకపోయినా నడుస్తుంది."

"నా కంఠంలో ప్రాణముండగా ఒప్పుకోను."

ఇది ఏళ్ళ తరబడి నడుస్తున్న తగువు. ఇద్దరికీ ఇది లేకపోతే టీ సహించదు.

ఇంతలో టెక్నీషియన్ అమ్మాయి గర్భవతి అయింది. మాస్టారి సంబరం ఇంతా అంతా కాదు. ఆమె నడిచే దారిలో తలుపులన్నిటికీ నూనె వేయించాడు. అయితే ఒకరోజు ఆమె స్కానింగుకు వెళ్ళి, ముఖం పీక్కుపోయి తిరిగొచ్చింది. తెచ్చుకున్న క్యారేజీ మూత కూడా తీయలేదు. కోస్తున్న కిడ్నీ ముక్క వంకరగా తెగుతుంటే చూసి మాస్టారు పక్కన కూర్చున్నాడు.

"ఏమైంది అమ్మాయ్?"

"బిడ్డ కిడ్నీ ఒకటి ఉబ్బిందట సార్." "మొన్న మా అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు నేను రోజూ భయపడి చచ్చాను. ఏడవని రోజు లేదు. భయం కిడ్నీకి తగులుతుందని మీరు ఎన్నిసార్లు చెప్పారు. తెలిసి కూడా ఏడిచాను. నా బిడ్డని నేనే పాడు చేసుకున్నాను సార్."

అప్పుడే టీకప్పుతో గుమ్మంలోకి వచ్చిన బావమరిది అక్కడే నిలబడిపోయాడు. మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. రిపోర్టు తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఒకటికి రెండుసార్లు చదివాడు.

"ఇది నరం సంగతి కాదు" అన్నాడు.

బావమరిది చేతిలో టీ ఒలికింది.

"గొట్టం సంగతి. మూత్రం దిగే దారి కొంచెం ఇరుకైతే వెనక నీళ్ళు నిలుస్తాయి. ఇంత చిన్న వాపు చాలామంది పిల్లలకు దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే చూసే డాక్టర్లున్నారు."

"నన్ను ఊరడించడానికి అంటున్నారు. నరం లేనిదే కిడ్నీ లేదన్నది మీరే."

మాస్టారు బావమరిది వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వు మార్చే కిడ్నీకి నరాలు కలుపుతావా?"

"కలపను బావా."

"మరి పనిచేస్తుందా?"

"చేస్తుంది."

"గట్టిగా చెప్పు. అమ్మాయికి వినపడాలి."

"బ్రహ్మాండంగా చేస్తుంది బావా."

"విన్నావా? నరాలన్నీ తెగ్గోసినా నడిచే వస్తువది. నువ్వు నాలుగు రోజులు ఏడిస్తే ఉబ్బిపోతుందా? పైగా నీ నరాలు నీవి, బిడ్డ నరాలు బిడ్డవి. బొడ్డుతాడులోంచి నీ నరం ఒక్కటి కూడా లోపలికి పోదు. నరం ఎక్కడ లేదో నాకంటే ఎవడికి తెలుసు?"

ఆమె కళ్ళు తుడుచుకుని క్యారేజీ మూత తీసింది.

సాయంత్రానికల్లా కాలేజీ అంతా గుప్పుమంది, నరాల మాస్టారు ఓడిపోయాడని. క్యాంటీన్లో కుర్రాళ్ళు "సార్, నరాలు లేకపోయినా నడుస్తుందటగా" అని ఆటపట్టించారు. ఎదురు చెప్పడానికి ఆయన దగ్గర మాటల్లేక కాదు. పక్క బల్ల దగ్గర టెక్నీషియన్ అమ్మాయి అన్నం తింటోంది. "నడుస్తుంది, నడుస్తుంది" అని వెర్రివాడిలా నవ్వి ఊరుకున్నాడు.

ఆ తర్వాత నెలల తరబడి ఆమె ముందు ఆయన నోట నరం అన్న మాట రాలేదు. ఒకరోజు ఇద్దరూ ఉండగానే లిఫ్టు ఆగింది. మాస్టారు నోరు తెరిచి, ఆమెను చూసి, "మోటారు అనుకుంటా" అన్నాడు.

ఆయన మారిపోయాడనే ఆమె అనుకుంది. సీమంతం చీర పెట్టడానికి వచ్చిన మాస్టారి భార్య నవ్వేసింది. "మారడమా? అక్కడ ఆపుకున్నదంతా ఇంటికొచ్చి నాకు చెబుతున్నారు. నువ్వు త్వరగా కనమ్మా, నాకు చెవులు పోతున్నాయి."

పాప పుట్టింది. కొన్ని వారాలకు మళ్ళీ స్కానింగు చేసి, వాపు దాదాపు పూర్తిగా తగ్గిందన్నారు. మాస్టారు ఆ సాయంత్రమే, చెప్పుల చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద నడుచుకుంటూ, పాపను చూడ్డానికి వాళ్ళింటికి వచ్చాడు. ఉయ్యాల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, పాప ముక్కు బాగుందన్నాడు. చెవులు బాగున్నాయన్నాడు. ఇంకేమనాలో తోచక కిటికీ కూడా బాగుందన్నాడు.

"ఇక చెప్పేయండి సార్" అంది ఆమె మంచం మీంచి. "నేనేమీ భయపడను."

"ఏం చెప్పమంటావ్?"

"ఇన్నాళ్ళూ నా కోసం మింగిందంతా."

మాస్టారి ముఖం వెలిగిపోయింది. కుర్చీ లాక్కుని ఉయ్యాల మీదికి వంగాడు. "చూడు బుజ్జితల్లీ, పుట్టేదాకా మీ అమ్మ చూసుకుంది. ఇప్పట్నుంచి ఉప్పెంత ఉంచాలి, నీళ్ళెంత పంపాలి అన్నది నీ కిడ్నీల పని. వాటికి మాట సాయానికి నీ నరాలున్నాయి. ముందు ఎడమ కిడ్నీ సంగతి చెబుతాను."

పాప ఆవలించింది. ఆయన ఆగలేదు. కుడి కిడ్నీ దగ్గరికొచ్చేసరికి పాప నిద్రపోయింది. పక్క మంచం మీద తల్లి కూడా, ఎన్నో నెలల తర్వాత, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.