మారిసెల్ వాళ్ళమ్మ

శుక్రవారం పొద్దున లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎండు చేపలు వేపుతున్న వాసన గుప్పుమంది. దోహా పక్కన లుసైల్‌లో మేముండే ఈ కొత్త భవనంలో అన్నీ అద్దాలూ పాలరాయీ, దేనికీ వాసన ఉండదు. అందుకేనేమో, నేను మా అంతస్తుకు చేరేలోపే వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు వచ్చేసింది. ఎవరింట్లోనో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడ వేపుతోందట, ఇలాంటివి కుదరవట. నేను కూరగాయల సంచి పట్టుకుని ఆ నడవలోనే కాసేపు నిలబడ్డాను. వెల్లుల్లి, వెనిగర్, ఉప్పులో ఎండిన చేప, ఈ మూడూ కలిస్తే వచ్చే ఆ వాసన నాకు పదకొండేళ్ళు వచ్చేదాకా మా వంటింటి వాసన.

మా నాన్నది జగిత్యాల దగ్గర పల్లె. మెసయీద్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసేవాడు. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా మా నానమ్మకు అది దుబాయే. అమ్మ అక్కడి క్లినిక్‌లో నర్సు. ఇద్దరివీ షిఫ్టు డ్యూటీలు కావడంతో, నాకు మూడేళ్ళున్నప్పుడు నన్ను చూసుకోవడానికి లోర్నాను పిలిపించారు. ఆమె ఫిలిప్పీన్స్‌లో ఒక సముద్రపు ఒడ్డు ఊళ్ళో బడిపంతులమ్మ. ఆ జీతంతో ఇల్లు గడవక, తన మూడేళ్ళ కూతుర్ని వాళ్ళమ్మ దగ్గర వదిలి, నన్ను పెంచడానికి వచ్చింది. వాళ్ళ భాషలో అక్కను ఆతె అంటారట. మొదటి రోజు గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఆతె లోర్నా" అని చెబితే నాకు అత్త అని వినబడింది. అమ్మ నవ్వి, "అట్లనే పిలువనీ, మంచిగనే ఉన్నది," అంది. అలా ఆమె నాకు అత్త అయింది.

మా క్వార్టర్స్ అన్నీ ఒకే వరుసలో, ఒకే ఇసుక రంగులో ఉండేవి. ఎండాకాలంలో ఉత్తరపు గాలి లేచిందంటే రోజుల తరబడి ఆకాశం పసుపుపచ్చగా ఉండి, కిటికీ సందుల్లోంచి దుమ్ము వచ్చి అన్నం పళ్ళెంలో కూడా పంటికి తగిలేది. ఆ రోజుల్లో బయటికి పోనివ్వకుండా అత్త గుడ్ల అట్ట ముందు పెట్టి, చింతగింజలు పంచి, వాళ్ళ ఊరి ఆట నేర్పేది. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి చూసి, "ఇది మన వామనగుంటలే కదనే!" అని బట్టలు మార్చుకోకుండానే కూర్చునేది. అత్త వండే చేపల పులుసులో కూడా మా చింతపండే ఉండేది. బతుకమ్మకు తంగేడూ గునుగూ ఎక్కడ దొరుకుతాయి? కాంపౌండు గోడ మీది కాగితం పూలు కోసి, చాలకపోతే టిష్యూ కాగితాలకు రంగులద్ది, అత్తే పేర్చేది. నువ్వుల ముద్దలు, మలీద పంచుకుని తెలంగాణ ఆడవాళ్ళు నలుగురు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, వాళ్ళ మధ్య ఒక అడుగు వెనకబడుతూ ఆమె కూడా తిరిగేది. డిసెంబరులో వెదురు పుల్లలకు జిలుగు కాగితం అంటించి పెద్ద నక్షత్రం చేసి కిటికీకి కట్టేది. అది వెలిగిన సాయంత్రాల్లో మాత్రం ఎవరితోనూ మాట్లాడేది కాదు.

నాకు ఎనిమిదో ఏట అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, మంటలాంటి జ్వరం. అమ్మ అప్పుడు తమ్ముణ్ణి కడుపుతో ఉంది, చిన్నప్పుడు తనకు ఈ జబ్బు రాలేదు కాబట్టి నా గదిలోకి రాకూడదని డాక్టరు చెప్పాడు. నాన్నకు ఫ్యాక్టరీలో యంత్రాలు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పని, ఇంటికి వచ్చేది స్నానానికే. సరిగ్గా ఆ వారంలోనే అత్త వాళ్ళ ఊరి మీద తుఫాను పడింది. మూడు రోజులు ఫోన్ కలవలేదు. నాలుగో రోజు కలిసింది. వాళ్ళమ్మను సముద్రం తీసుకుపోయిందనీ, తన పిల్ల చర్చి పైకప్పు మీద బతికి ఉందనీ తెలిసింది.

తలుపు తెరిచే ఉంది. మంచం మీంచి నాకు అంతా వినబడింది.

"సార్, అమ్మ లేదు. నేను పోత," అంది అత్త, మా ఇంట్లో నేర్చుకున్న తెలుగులో.

"పోదువు గని లోర్నా. పిల్లకు కొంచెం తక్కువ కానియ్యి. మేడమ్‌ను పిల్ల దగ్గరికి పోవద్దన్నరు, నాకు సెలవు లేదు. ఇది కాంగనే నేనే టికెట్ తీస్త," అన్నాడు నాన్న.

ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, గోకకుండా నా రెండు చేతులూ పట్టుకుని, పొక్కులకు గులాబీరంగు మందు అద్దింది. నేను కథ చెప్పమని మారాం చేస్తే చెప్పింది కూడా. నాకు తగ్గేసరికి రెండు వారాలు గడిచాయి. నాన్న టికెట్ తీస్తానంటే, "అయిపోయింది సార్, ఇప్పుడు పోయి ఏం చేస్త," అంది. నేను పదకొండేళ్ళదాన్నై హైదరాబాద్ హాస్టల్‌కు వెళ్ళేదాకా మా ఇంట్లోనే ఉండి, ఆ తర్వాత వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది.

పెద్దయ్యాక నేను మళ్ళీ ఖతార్‌కే వచ్చాను. పోయిన నెల నాకొక మెసేజ్ వచ్చింది. 'నేను లోర్నా కూతుర్ని, మారిసెల్‌ను. దోహాలో పిల్లల వార్డులో నర్సును. అమ్మ మీ పేరు చెబితే వెతికాను. ఒకసారి కలవచ్చా?' ఆ చేపల వాసన వచ్చిన శుక్రవారమే మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. నా ఈడుదే, వాళ్ళమ్మ నుదురే. నా చిన్నప్పటి ఫోటోలు చూపించమంది. పేజీలు తిప్పుతూ నన్ను కాదు, నా పక్కనున్న మనిషినే చూసింది. ఆమె ఇంగ్లీషులో మాట్లాడింది, నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

"అమ్మకు ముప్ఫై ఏళ్ళున్నప్పుడు ఎలా నవ్వేదో నాకు తెలియదు. నీకు తెలుసు. అందుకే వచ్చాను," అంది.

నాకు తెలిసినవన్నీ చెప్పాను. విని, వాళ్ళమ్మ నెలకొక క్యాసెట్ రికార్డు చేసి పంపేదని చెప్పింది. "కథ చెబుతూ ఉంటుంది. మధ్యలో ఒక పిల్ల అత్తా, అత్తా అని పిలుస్తుంది. కథ ఆగిపోతుంది. అమ్మ లేచి వెళ్ళిపోతుంది. టేపు అలా తిరుగుతూనే ఉంటుంది. ఆ పిలుపు వెనక్కి తిప్పి తిప్పి వినేదాన్ని."

అమ్మవారు పోసినప్పటి సంగతి నేనే ఎత్తాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"తెలుసు. అమ్మమ్మ శవం తర్వాత ఒడ్డున దొరికింది, శవపేటిక ముందు నేనే నడిచాను. అప్పుడు నీ పేరు తెలియదు కదా, జ్వరం పిల్ల అనుకునేదాన్ని. నువ్వు చచ్చిపోవాలని చర్చిలో ప్రార్థన చేశాను," అంది మారిసెల్.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు నా కొడుకు అమ్మ దగ్గర ఉన్నాడు. వాడికి జ్వరం వస్తే వీడియోలో చూస్తాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు."

వాళ్ళ ఊరి గురించి అడిగితే అలసటగా చెప్పుకుపోయింది. ఆ తుఫాను తర్వాత సముద్రానికి అడ్డంగా గోడ కడతామన్నారట. మేయరు బొమ్మతో బోర్డు లేచింది, గోడ మాత్రం చర్చి దాకా కూడా రాలేదు. అప్పటి మేయరు కొడుకు మేయరయ్యాడు, ఇప్పుడు మనవడు. ఎన్నికల ముందు బియ్యం సంచీ, డబ్బు కవరూ ఇంటికి వస్తాయి. "అమ్మ కూడా తీసుకుంటుంది. బియ్యం ధర చూస్తే ఎవరు వద్దంటారు?" అంది. గోడ ఏమైందని అడిగిన బడిపంతుల్ని తీవ్రవాదుల మనిషంటూ కరెంటు స్తంభాలకు అతని ఫోటో అంటించారు, అతను ఊరొదిలి పోయాడు. ఈ ఏడాది కూడా నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. ఆమెతో నర్సింగ్ చదివినవాళ్ళలో ఆ ఊళ్ళో మిగిలింది ఇద్దరే. "ఎయిర్‌పోర్టులో బయటిదేశాలకు పనికి పోయే మాకు ప్రత్యేకంగా లైను ఉంటుంది. ప్రభుత్వంవాళ్ళు మమ్మల్ని హీరోలంటారు. ఆ లైనులో చంటిపిల్లల తల్లులే ఎక్కువ."

వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ అడిగింది. "అమ్మ పాస్‌పోర్టు మీ నాన్న బీరువాలో ఉండేదట. నీకు తెలుసా?"

నాకు తెలియదు. ఆమె వెళ్ళాక నాన్నకు ఫోన్ చేశాను.

"అప్పుడు పనోళ్ళ పాస్‌పోర్టులు అందరం అట్లనే పెట్టుకుంటుంటిమి బిడ్డా, వాపస్ పోయేటప్పుడే ఇచ్చేది," అన్నాడు. తర్వాత తనే, "నీకు జరమొచ్చినప్పుడు పోత అని మళ్ళ అడుగుతదేమో అనుకున్న. ఆమె అడగలే," అన్నాడు.

మొన్న మెసయీద్ వెళ్ళి వచ్చాను. మా క్వార్టర్స్ పడగొట్టి, ఆ జాగా అంతా కంచె వేసి లారీలు నిలుపుతున్నారు. గోడా లేదు, కాగితం పూల తీగా లేదు. క్యాసెట్లు ఈ ఏడాది ఇంట్లోకి వచ్చిన నీళ్ళలో పాడైపోయాయని మారిసెల్ చెప్పింది. అత్తతో వీడియోలో మాట్లాడితే నన్ను గుర్తుపట్టింది కానీ, తెలుగు మాత్రం ఒక్క ముక్క కూడా మిగల్లేదు. మధ్యలో మనవడు పిలిస్తే లేచి వెళ్ళిపోయింది.

నా కూతురికి రెండేళ్ళు. వచ్చే వారం నుంచి నేను ఆఫీసుకు వెళ్ళాలి. ఇదంతా తెలిసి కూడా ఇంటిపనివాళ్ళను పంపే ఏజెన్సీకి ఫోన్ చేశాను, ఇంకో దారి కనబడలేదు. నిన్న ఒకావిడ వచ్చింది. ఆమెకు ఇద్దరు పిల్లలట, చిన్నదానికి ఇంకా మాటలు రాలేదట. సంచీ కింద పెట్టకముందే పాస్‌పోర్టు తీసి రెండు చేతులతో నాకు అందించింది. వద్దు, నీ దగ్గరే ఉంచుకో అని తిరిగి ఇచ్చాను. ఆమె దాన్ని పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మేడమ్," అంది, "నన్ను వెనక్కి పంపేస్తున్నారా?"