రెండు నిమిషాల మౌనం

ఆదివారం పొద్దున చర్చిలో ఆర్గన్. శుక్ర, శనివారాల సాయంత్రాలు హోటల్ హాల్లో జాజ్ పియానో. మధ్యలో బుధవారం చర్చి క్వయర్ పిల్లలకు పాటల ప్రాక్టీసు. ఇరవై ఆరేళ్లుగా ఇదే గానుగ. క్వయర్ పిల్లలు ఆమెను పెట్టెమ్మ అంటారు, వాయించే పెట్టెను బట్టి. వాళ్ల అమ్మలకు పాట నేర్పిందీ ఆమే కాబట్టి ఆ పేరు ఇంటింటా పాతుకుపోయింది. భర్త మాత్రం "రెండు అత్తగారిళ్ల కోడలు" అంటాడు. ఒక అత్తగారికి నెమ్మది కావాలి, ఇంకో అత్తగారికి హుషారు కావాలి. కోడలికి ఏం కావాలో రెండిళ్లలోనూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

కోడలికి కావలసింది నిద్ర. ప్రసంగం మొదలయ్యీ కాకముందే ఆర్గన్ వెనక, పూలకుండీ చాటున ఆమె కళ్లు మూతపడేవి. ప్రసంగం ముగించి పాస్టరుగారు "మౌనంగా మన తప్పులు ఒప్పుకుందాం" అంటారు. రెండు నిమిషాలు ఎవరూ కదలరు. వాటిని కూడా ఆమె కునుకులోనే కలిపేసేది. "ఆమెన్" వినపడగానే వేళ్లు వాటంతటవే లేచేవి.

ఆ ఆదివారం మాత్రం "ఆమెన్" దాకా ఆగలేదు. హోటల్ బ్యాండులో ఒక పద్ధతి ఉంది. ట్రంపెట్, డ్రమ్ములు ఒక్కసారిగా ఆగిపోయాయంటే, ఇక నీ వంతు, ఒంటరిగా వాయించు అని. కునుకులో ఆమె చెవికి తగిలింది అలాంటి నిశ్శబ్దమే. ఉలిక్కిపడి రెండు చేతులతో జాజ్ అందుకుంది. ఎడమచెయ్యి గంతులేసింది, కుడిచెయ్యి ఆర్గన్ పైమెట్ల మీద గిరికీలు కొట్టింది. కళ్లు పూర్తిగా తెరిచేసరికి మూడొందల మంది తననే చూస్తున్నారు. తల కొట్టేసినట్టయింది. వెనక వరసలో ఒక ముసలాయన మాత్రం కాలితో తాళం వేస్తూనే ఉన్నాడు.

సంఘం కార్యదర్శి మంచివాడే. మంచివాళ్లకుండే మొండితనం మాత్రం కాస్త ఎక్కువ.

"ఇన్నాళ్లూ తెలియక కాదమ్మా, అడగలేదంతే. ఇప్పుడు అడక్క తప్పట్లేదు. హోటలైనా మానండి, ఆర్గనైనా వదలండి. వచ్చే ఆదివారానికల్లా చెప్పండి."

ఆ ఆర్గన్ బల్ల మీద ఆమెకన్నా ముందు కూర్చున్నది ఆమె తల్లి. పక్కన నిలబడి పేజీలు తిప్పుతూ ఈమె నేర్చుకుంది. దాన్ని వదిలే మాటే లేదు. హోటలే మానేద్దామనుకుంది.

"ఎలాగూ ఒళ్లు హూనమైపోయింది. ఒకటి తగ్గితే మంచిదే కదండీ," అంది భర్తతో.

"ఆ మాటేదో నవ్వుతూ అనొచ్చుగా," అన్నాడాయన.

శనివారం, ఇదే ఆఖరు అనుకుంటూ హోటల్‌కు వెళ్లింది. మూడో పాటలో బ్యాండు ఠక్కున ఆగింది. ఆమె వంతు. చేతులు లేవలేదు. వాటిని ఒళ్లో పెట్టుకుని తల వంచింది. ఇన్నేళ్లూ చర్చిలో చెయ్యని పని అక్కడ చేసింది, మనసులోనే తప్పులు ఒప్పుకుంది. దేవుడి పాట నిద్రలో వాయించానని, పిల్లల మీద ఊరికే విసుక్కున్నానని, అమ్మ బల్ల ఎప్పుడో బరువైపోయిందని, ఆ సంగతి అమ్మ బతికుండగా చెప్పలేకపోయానని. హాల్లో చెంచాల చప్పుడు ఆగింది. డ్రమ్ములాయన కర్రలు పైకెత్తి అలాగే ఉండిపోయాడు. చివరికి ఆమె పియానో మీద ఒక్క మెట్టు నొక్కింది. అందరూ అందుకున్నారు.

"ఏంటక్కా అది?" అన్నాడు ట్రంపెట్ వాయించే కుర్రాడు, పాట అయ్యాక. "నీ వంతు ఇంత బాగుండగా నేనెప్పుడూ వినలేదు."

"మెలకువగా ఉన్నాన్రా, అంతే."

మర్నాడు ఆరాధనకు ముందే ఆర్గన్ తాళంచెవి కార్యదర్శి బల్ల మీద పెట్టింది. ఆయన నోరెళ్లబెట్టాడు.

"అదేంటమ్మా! హోటల్ మానేస్తారనుకున్నాం."

"నేనూ అదే అనుకున్నానండి. కానీ దేవుడి దగ్గర నిద్రపోయేవాళ్లు ఆ బల్ల మీద ఉండకూడదు."

ఆమె దగ్గర నేర్చుకున్న అమ్మాయే ఆ రోజు ఆర్గన్ ముందు కూర్చుంది. పెట్టెమ్మ నాలుగో వరసలో భర్త పక్కన కూర్చుంది. మౌనం మొదలైంది. రెండు నిమిషాలు అంత పొడుగని ఆమెకు తెలియదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. పాస్టరుగారు "ఆమెన్" అనగానే ఆమె వేళ్లు అలవాటుగా లేచాయి. భర్త వాటి మీద చెయ్యి వేసి, చెవి దగ్గర అన్నాడు:

"ఇంక హాయిగా పడుకో."

ఆమె ఆయన భుజం మీద తల వాల్చింది. నిద్ర మాత్రం రాలేదు.