గోడ వెనక ఇరవై అడుగులు

వెర్నా స్టెల్టర్ వారమంతా విస్కాన్సిన్ పల్లెల్లో తిరుగుతూ సెప్టిక్ ట్యాంకుల మూతలు తీయించి చూసేది. కౌంటీ ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం మాత్రం తన ఇంటి కింది గదిలో నలుగురు స్నేహితులను కూర్చోబెట్టి, మాటలతో ఆడే ఆటలో లోకంలో ఎక్కడా లేని నేలమాళిగల్లోకి దించేది. ఆ ఆటలో ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె. ఎటు నడుస్తారో, ఏ తలుపు తీస్తారో నోటితో చెబితే బతుకూ చావూ పాచికలు తేలుస్తాయి. అసలు పటం మాత్రం వెర్నా ముందు నిలబెట్టిన అట్ట వెనక భద్రంగా ఉంటుంది. ఆ అట్ట వెనక కుర్చీ ఇరవై ఆరేళ్లుగా ఆమెదే.

నిధి ఎక్కడ పెట్టాలన్నది ఆమె చిట్టచివర ఆలోచించేది. కాపలా ఉండే పొట్టి రాకాసులకు నీళ్లెక్కడివి, వాళ్ల పొయ్యి పొగ ఎటు పోతుంది, పొద్దున్నే కడుపులో తిప్పితే ఎటు పరిగెత్తాలి? ఇవి తేలాకే గళ్ల కాగితం మీద సిరా గీత పడేది. పడ్డాక మారేది కాదు. ఆటగాళ్లు ఊహించారు కదా అని అప్పటికప్పుడు ఒక గది పుట్టించడం ఆమె దృష్టిలో చర్చిలో చందా పళ్లెం కొట్టేయడంతో సమానం.

"అర్థం లేని గీత ఒక్కటి చూపించండి, ఈ కుర్చీ మీకిచ్చేస్తాను" అనేది.

ఆ కుర్చీ మీద పదకొండేళ్లుగా కన్నేసినవాడు ఆర్డెల్ ప్రుస్కే. రిటైరైన సర్వేయరు. వెర్నా చెప్పే కొలతలు విని ఆటగాళ్ల తరఫున పటం గీసేవాడు. ఒక శనివారం తాను గీసిన పటం చూసి, పెన్సిలు చెవి వెనక దోపుకుని దగ్గాడు.

"ఉప్పుకొట్టుకీ నీళ్లతొట్టికీ మధ్య ఇరవై అడుగులు ఎవరి సొత్తమ్మా?"

"గోడలు కొలవడానికి వచ్చావా, ఆడటానికి వచ్చావా?"

"రహస్య గది ఉంది! లేదంటే నీ లెక్క తప్పింది. అదైతే కుర్చీ నాది."

వెర్నా అట్ట వెనక పటం చూసుకుంది. చెవులు వేడెక్కాయి. పటం గీసిన రోజు గళ్లు లెక్కపెడుతున్నప్పుడు ఎవరో ట్యాంకు పొంగిందని ఫోను చేశారు. తిరిగొచ్చి రెండు గళ్లు, అంటే ఇరవై అడుగులు, వదిలేసి గీత మొదలుపెట్టింది. అంతకుమించి అక్కడ ఏమీ లేదు.

ఆటలో వాళ్లు గునపాలు తీసుకుని ఆ గోడ తవ్వడం మొదలుపెట్టారు. రెండు శనివారాలు తవ్వారు. ఒక పెట్టె, నాలుగు ఎముకలు గీసేస్తే అందరూ సంబరపడతారు. పెన్సిలు ఆమె చేతిలోనే ఉంది. పైగా బేకరీలో పనిచేస్తూ ఇక్కడ మంత్రగత్తెగా ఆడే లోయిస్, "వెర్నా గీసిందంటే ఊరికే గీయదు" అంటూ మిగతావాళ్లను హుషారు చేస్తోంది. ఆ మాట వెర్నాకు ముల్లులా గుచ్చుకుంది.

మూడో శనివారం ఆర్డెల్ ఆఖరి గునపం దెబ్బ వేశాడు. "ఏం కనిపిస్తోంది?"

"మట్టి."

"మట్టి తర్వాత?"

"నీళ్లతొట్టి. పొరపాటు నాదే." లేచి కుర్చీ వెనక్కి లాగింది. "రండి సర్వేయరు గారూ, వెచ్చగానే ఉంది."

మరుసటి వారం ఆర్డెల్ స్కేలుతో గీసిన నేలమాళిగ పట్టుకొచ్చాడు. వెర్నా ఆటలో జేబుదొంగ పాత్ర తీసుకుని, ఒళ్లో తాజా చీజ్ ముక్కల పొట్లం పెట్టుకుని కూర్చుంది.

"మొదటి గదిలో ఏడుగురు పొట్టి రాకాసులున్నారు" అన్నాడు ఆర్డెల్ గంభీరంగా.

"పాపం, ఏం తింటున్నారు?"

"ఏదో... ఎలుకలు."

"పచ్చివా, కాల్చినవా?"

"కాల్చినవే!"

"పొగ ఎటు పోతోంది నాయనా?"

లోయిస్ నోరు మూసుకుని నవ్వు ఆపుకుంది. ఆర్డెల్ రబ్బరుతో చెరిపి ఒక చిమ్నీ గీశాడు. ఆ చిమ్నీ పై అంతస్తులో రాజుగారి మంచం మధ్యలోంచి వెళ్లింది. మంచం జరిపితే రాజుగారి తలుపు మూసుకుపోయింది, చిమ్నీ జరిపితే కింద రాకాసుల గది తలుపే చెరిగిపోయింది. నాలుగు గంటలయ్యేసరికి కాగితానికి చిల్లు పడింది, ఆర్డెల్ కళ్లజోడుకు ఆవిరి పట్టింది.

"అమ్మా తల్లీ, నీ కుర్చీ నువ్వే తీసుకో!"

"భలేవాడివే. ఓడిపోయినదాన్ని, ఎలా తీసుకుంటాను?" వెర్నా ఇంకో చీజ్ ముక్క నోట్లో వేసుకుని, పళ్ల కింద అది కీచుమనేలా నమిలింది. ఇరవై ఆరేళ్లలో ఆట మధ్యలో ఆమె తీరిగ్గా తిన్నది ఇదే మొదటిసారి. "అది సరే గానీ, ఆ ఏడుగురూ తలుపు లేని గదిలోకి ఎలా వచ్చారన్నావు?"